బిస్కెట్ డబ్బాలో పదకొండు ఫోన్లు: నెట్‌వర్క్ రాని వాటి డైరీ

జూన్ 8, ఆదివారం

షట్టర్ సగం దించి బల్ల కింద ఉన్న బిస్కెట్ డబ్బా బయటికి లాగాను. అందులో పదకొండు ఫోన్లున్నాయి. అన్నిటి మీదా ఒకటే కంప్లయింట్: నెట్‌వర్క్ సరిగా రాదు. మేం చేతులెత్తేశాక జనం తిరిగి తీసుకెళ్లకుండా వదిలేసినవి ఇవన్నీ. కొన్నిటికి రబ్బరు బ్యాండుతో చీటీ చుట్టి ఉంది, కొన్నిటికి అదీ లేదు.

తెనాలిలో ఈ పని పదిహేనేళ్లుగా చేస్తున్నాను. దాచుకోవడం దేనికి, నెట్‌వర్క్ కంప్లయింట్ అనగానే నా చెయ్యి నేరుగా హాట్ ఎయిర్ గన్ మీదకే పోయేది. పీఏ ఐసీని (టవర్‌కి పంపే సిగ్నల్‌కు బలమిచ్చే చిప్) కాస్త వేడిచేసి చూడటం, వస్తే డబ్బులు తీసుకోవడం, రాకపోతే "బోర్డు పోయింది బాబాయ్" అనడం. సగం వచ్చేవి. వచ్చినవి ఎందుకొచ్చాయో తెలీదు, రానివి ఎందుకు రాలేదో అసలే తెలీదు. ఈ డబ్బా ఖాళీ చేసేదాకా ఒక నియమం పెట్టుకున్నాను. ఫోన్ వింటోందా, మాట్లాడుతోందా అన్న రెండు ప్రశ్నలకు పుస్తకంలో జవాబు రాయకుండా గన్ ఆన్ చెయ్యను.

ఇవాళ ఏ ఫోనూ విప్పలేదు. వేళ్లతో చేసే పరీక్షలే.

మొదట *#06# కొట్టడం. ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) రాకపోతే, సెట్టింగుల్లో బేస్‌బ్యాండ్ (నెట్‌వర్క్ పని చూసే మెదడు) వెర్షన్ 'అన్‌నోన్' అని ఉంటే, అది రేడియో గొడవ కాదు. మెదడే పలకడం లేదు, చెవినీ నోటినీ అని ఏం లాభం? 1, 2 నంబర్లు ఇలా తేలాయి, పక్కన పెట్టాను.

తర్వాత మాన్యువల్‌గా నెట్‌వర్క్ వెతికించడం. అసలు కిటుకు ఇక్కడే ఉంది. టవర్ ఎవరు విన్నా వినకపోయినా ఇరవై నాలుగ్గంటలూ తన పేరు చెప్పుకుంటూనే ఉంటుంది. ఆ పేర్లు పట్టుకోవడానికి ఫోన్ నోరు విప్పక్కర్లేదు, చెవి ఉంటే చాలు. కంపెనీల పేర్లు జాబితాలో వచ్చాయంటే యాంటెన్నా నుంచి బేస్‌బ్యాండ్ దాకా రిసీవర్ దారి దాదాపు బాగున్నట్టే. పేరు నొక్కాక నమోదు కావాలంటే మాత్రం ఫోన్ టవర్‌కి తిరిగి కబురు పంపాలి. పేర్లు చూపించి, నొక్కితే 'కుదరలేదు' అనేదాన్ని మూగ లెక్కలో వేశాను. పేర్లే చూపించనిది చెవిటిది.

సాయంత్రానికి లెక్క తేలింది. 3, 4, 6 చెవిటివి. 5 సగం చెవిటిది: మంచి ఫోన్ నాలుగు పేర్లు చూపిస్తుంటే ఇది రెండే చూపింది. 8, 9, 10, 11 మూగవి. 7కి సిగ్నల్ నిండుగా ఉంది గానీ ఫోన్ కలిపితే ఆరిపోతుంది.

ఒకటి అనుకున్నాను. ఇన్నాళ్లూ ఆ నాలుగు చెవిటి వాటికీ నేను పీఏ వేడి చేసి ఉంటాను. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే. పీఏ పంపే దారిలో ఉండే భాగం, దానికీ వినడానికీ సంబంధం లేదు.

జూన్ 10, మంగళవారం

మధ్యాహ్నం గిరాకీ లేదు, 7వ నంబరు తీశాను. కీప్యాడ్ ఫోను. బ్యాటరీ తీసేసి డీసీ పవర్ సప్లైకి కలిపి 4 వోల్టులు ఇచ్చాను. నా రెండో నంబరుకు కాల్ చేశాను. ఐదు నిమిషాలు మాట్లాడుతున్నా ఆరలేదు. దొంగ బ్యాటరీయే.

ఎందుకలా అవుతుందో షాపులో పనిచేసే మా కుర్రాడికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. 2జీ ఫోన్ 900 మెగాహెర్ట్జ్ బ్యాండులో గరిష్ఠంగా 2 వాట్లతో పలుకుతుంది, కానీ ఎడతెరిపి లేకుండా కాదు. 4.615 మిల్లీసెకన్ల కాలాన్ని ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కొక్కరికి 577 మైక్రోసెకన్ల ముక్క ఇస్తారు. ఆ ముక్కలో పీఏ ఒకటిన్నర నుంచి రెండు ఆంపియర్ల దాకా గుంజేస్తుంది, మిగతా ఏడు ముక్కల్లో ఊరుకుంటుంది. సప్లై మీద ముల్లు ఆ కుదుపులు పట్టుకోలేదు, సగటు చూపిస్తుంది కాబట్టి పావు ఆంపియర్ దగ్గర ఊగుతుంది. బ్యాటరీ ముసలిదై లోపలి నిరోధం 0.3 ఓముకు చేరితే 1.7 ఆంపియర్ల కుదుపుకి అర వోల్టు లోపలే మింగేస్తుంది. 3.7 కాస్తా 3.2కి పడుతుంది, ఫోన్ కళ్లు తేలేస్తుంది. మీటరు పెట్టి ఖాళీగా కొలిస్తే మాత్రం 3.7 బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది.

సప్లై నుంచి ఫోనుకు వెళ్లే తీగలు సన్నగా, పొడుగ్గా ఉన్నా ఇదే తంతు జరుగుతుంది. నా తీగలు మార్చి పొట్టివి, లావువి వేశాను. ఇన్నేళ్లలో ఎన్ని మంచి ఫోన్లకు ఆ తీగల పుణ్యమా అని ట్రాన్స్‌మిటర్ పోయిందని పేరు పెట్టానో.

కొత్త బ్యాటరీ వేశాను. 7 అయిపోయింది.

జూన్ 15, ఆదివారం

చెవిటివి. నాలుక్కి నాలుగూ నాలుగు రకాలుగా తేలతాయని పొద్దున కూర్చున్నప్పుడు అనుకోలేదు.

4వ నంబరు ముందు చెప్పేస్తాను, రెండు నిమిషాల పని. ఎక్కడో డిస్‌ప్లే మార్పించుకున్న ఫోన్ అది. కింది బోర్డు నుంచి పై బోర్డుకు యాంటెన్నా సిగ్నల్ మోసే సన్నటి కోయాక్సియల్ తీగ ఉంటుంది. దాని టోపీని 'టక్' మనేలా నొక్కకుండా మూత బిగించేశారు. నొక్కాను, నాలుగు గీతలొచ్చాయి. ఇది ఆర్నెల్లుగా నా బల్ల కిందే ఉంది. సిగ్గేసింది.

3వది కీప్యాడ్. విప్పి చూస్తే యాంటెన్నా స్ప్రింగు పిన్నులు శుభ్రంగానే ఉన్నాయి. ఇక్కడ పాత పద్ధతే పట్టుకున్నాను: ఒక చిన్న తీగను యాంటెన్నాగా వాడి, దారిలో ఒక్కో మెట్టు దాటుకుంటూ అంటించి చూడటం. తీగ ఎంత పొడుగుండాలి? 300ని 900తో భాగిస్తే 0.333 మీటరు, అది ఒక పూర్తి తరంగం. అందులో నాలుగో వంతు 8.3 సెంటీమీటర్లు. ఎనామిల్ తీగ అంత కత్తిరించి ముందు యాంటెన్నా ప్యాడ్‌కు టాకా వేశాను. ఏమీ రాలేదు. తర్వాత మెట్టు బోర్డు అంచున ఉండే గుండ్రటి చిన్న ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్) సాకెట్. ఫ్యాక్టరీలో పరీక్ష చేసేటప్పుడు అందులోకి ప్రోబ్ గుచ్చుతారు. గుచ్చగానే లోపలి రేకు పక్కకు జరిగి యాంటెన్నాను విడదీస్తుంది, తీస్తే మళ్లీ కలుపుతుంది. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చాక దాని అవసరం ఎవరికీ లేదు, చెడిపోవడానికి మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది. తీగను సాకెట్ అవతలి కాలికి అంటించాను. కంపెనీల పేర్లు బిలబిలా వచ్చేశాయి. మీటరు పెట్టి చూస్తే సాకెట్ రెండు కాళ్ల మధ్య కంటిన్యుటీ లేదు. లోపల చిలుము పట్టి రేకు విడిపోయింది. అడ్డంగా జంపర్ తీగ వేసేశాను.

5వది ఆండ్రాయిడ్, సగం చెవిటిది. చీటీ మీద 'మా ఊళ్లో రాదు, టౌనులో వస్తది' అని మా కుర్రాడు రాసుకున్నాడు. అప్పట్లో చదివి టవర్ సమస్యలే అని వదిలేశాను. నిజానికి రోగం ఏమిటో ఫోన్ తెచ్చినాయనే చెప్పేశాడు, నాకే చదవడం రాలేదు. మీడియాటెక్ ఫోన్ కాబట్టి *#*#3646633#*#* కొట్టి ఇంజనీరింగ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్కో బ్యాండే ఉంచి చూశాను. 1800 ఒక్కటే ఉంచితే హాయిగా పట్టుకుంటోంది. 900 ఒక్కటే ఉంచితే శూన్యం. ఊళ్లోకి దూరం నుంచి వచ్చేది 900, ఇదేమో దానికి చెవిటిది.

ఒక బ్యాండు వచ్చి ఇంకొకటి రాలేదంటే సగం బోర్డు నిర్దోషి అని తేలినట్టే. యాంటెన్నా రెంటికీ ఒక్కటే, ఫోన్‌కి గడియారంలా ఉండే క్రిస్టల్ ఒక్కటే, సిగ్నల్ అందుకుని, పంపే ట్రాన్సీవర్ ఐసీ ఒక్కటే. 900కి మాత్రమే సొంతమైనవి ఏమున్నాయి? యాంటెన్నా స్విచ్‌లో ఒక గుమ్మం, దాని వెనక సా ఫిల్టర్, రెండు మూడు కాయిల్స్. సా ఫిల్టర్ అంటే బియ్యపు గింజంత ఉంటుంది. లోపల స్ఫటికం పలక మీద తరంగం పాకుతూ పోతుంది, మనకు కావాల్సిన 925 నుంచి 960 దాకా వదిలి మిగతాది ఆపేస్తుంది. పెళుసు సరుకు, ఫోన్ కింద పడితే చిట్లుతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే మూల మీద వెంట్రుకంత గీత. స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మలో) దీనికి లోపలికి ఒక కాలు, బయటికి రెండు కాళ్లు ఉన్నాయి. అందుకే పాతకాలంలో లాగా ఒక కెపాసిటర్ అడ్డంగా వేసి దాటేద్దామంటే కుదరదు. చచ్చిన బోర్డు నుంచి అదే ఫిల్టర్ పీకి వేశాను. ఈ డైరీలో గన్ ఆన్ చేయడం ఇదే మొదలు.

6 మిగిలింది. తీగను ఎక్కడ అంటించినా వినలేదు. బుర్ర వేడెక్కింది, మూసేశాను.

జూన్ 18, బుధవారం

రాత్రి కరెంటు పోయి వచ్చాక పాత యాంప్లిఫయర్ స్పీకరు 'గుర్ర్' మంది. దాంతో ఒకటి గుర్తొచ్చింది. 2జీ రోజుల్లో ఫోన్ మోగే ముందు రేడియోలో, టీవీలో 'టిటిట్ టిటిట్ బర్ర్ర్' అని వినిపించేది కదా. అది మన పీఏ పాటే. 4.615 మిల్లీసెకన్లకోసారి అరుస్తోంది కాబట్టి సెకనుకు 217 సార్లు. ఆ కుదుపును స్పీకరు తీగలు పట్టుకుంటే 217 హెర్ట్జ్ బుర్ర్ శబ్దం అవుతుంది. అంతకు మించి చౌకైన ట్రాన్స్‌మిటర్ పరీక్ష నాకు తెలీదు.

నాలుగు మూగవాటినీ 2జీ మాత్రమే ఉండేలా మార్చి (4జీ ఇలా పాడదు), స్పీకరు మీద ఒక్కోటీ పెట్టి పేరు నొక్కాను.

8: చడీచప్పుడు లేదు.
9: చెవి ఆనించి వింటే సన్నగా, దోమలా.
10: ఇల్లు ఎగిరిపోయేలా పాడింది. అయినా నమోదు కాలేదు!
11: మొదట బాగానే పాడింది, నమోదు కూడా అయింది. పది నిమిషాలకు గొంతు పోయింది.

'మూగ' అని ఒకే గంపలో వేసినవి నాలుగు రకాలుగా విడిపోయాయి. మా కుర్రాడు సెల్‌లో వీడియో తీసుకున్నాడు.

జూన్ 22, ఆదివారం

ఇవాళ ఒక ఫోన్‌ని చంపేశాను. రాయకుండా దాటేద్దామనుకున్నాను గానీ డైరీ అన్నాక రాయాలి.

8వ నంబరు. స్పీకరు పాడలేదు, పవర్ సప్లైలో ముల్లు కూడా కదల్లేదు. మామూలుగా నమోదుకు ప్రయత్నించినప్పుడు ముల్లు చివుక్కున లేచి పడాలి. 'పీఏ చచ్చింది' అని రాసేశాను. రెండు ప్రశ్నలకూ జవాబు రాశాను కదా, నియమం ప్రకారం గన్ ఆన్ చేయొచ్చు. చేశాను. పీఏ అడుగున పెద్ద గ్రౌండ్ ప్యాడ్ ఉంటుంది, వేడినంతా బోర్డు లోపలికి లాగేసుకుంటుంది. కింద నుంచి ప్రీహీటర్ పెట్టకుండా పైనుంచే ఊదాను. సీసం పూర్తిగా కరగకముందే ట్వీజర్‌తో లేపాను. ఐసీతో పాటు నాలుగు ప్యాడ్లు లేచొచ్చాయి.

అది చాలదన్నట్టు ఆ తర్వాత మీటరు పెట్టాను. పీఏకి బ్యాటరీ వోల్టేజి నేరుగా వస్తుంది, మధ్యలో ఏ రెగ్యులేటరూ ఉండదు. ఫోన్ ఊరికే ఉన్నా ఆ కాలు మీద 3.7 నుంచి 4 వోల్టుల దాకా ఉండాలి. లేదు. వెనక్కి వెళ్లి చూస్తే దారిలో ఉన్న ఒక ఫెరైట్ బీడ్ (కరెంటులో రొద ఆపే చిన్న భాగం) పచ్చటి చిలుము పట్టి తెగిపోయి ఉంది. దానికి అన్నమే అందడం లేదు, ఇంక పాటేం పాడుతుంది? అర నిమిషం మీటరు పెట్టి ఉంటే రూపాయి ఖర్చు లేకుండా బాగయ్యేది. పీకిన పీఏని మీటరు డయోడ్ మోడ్‌లో పెట్టి చూస్తే అదీ మంచిదే.

పుస్తకంలో రెండు ప్రశ్నల కింద మూడోది చేర్చాను: అన్నం అందుతోందా?

భోంచేసి వచ్చి 9 తీశాను. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. ఇక్కడ ముల్లు బాగా లేస్తోంది, పావు ఆంపియర్ దాకా. అంటే పీఏ తింటోంది, అరుస్తోంది కూడా. స్పీకర్లో మాత్రం దోమ గొంతు. అరుపు బయటికి రావడం లేదన్నమాట.

ఈసారి ఎస్డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) డాంగిల్ వాడాను. టీవీ కోసం చేసిన యూఎస్‌బీ డాంగిల్ అది, 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్ దాకా ఏ తరంగమైనా కంప్యూటర్ తెర మీద గీతలుగా చూపిస్తుంది. ఒకేసారి రెండున్నర మెగాహెర్ట్జ్ వెడల్పే కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ చూడాలో ముందే తెలియాలి. మంచి ఫోన్‌లో చూస్తే మా షాపు దగ్గర టవర్ 62వ చానల్ మీద ఉంది. లెక్క తేలిక: 890కి 62 ఇంటూ 0.2 కలిపితే 902.4, ఫోన్ పలికేది అక్కడ. దానికి 45 కలిపితే 947.4, టవర్ పలికేది అక్కడ. తొలి కబురు ఫోన్ సరిగ్గా ఆ 902.4 మీదే పంపుతుంది, వేరే చానల్‌కు గెంతదు. తెర అక్కడ పెట్టుకు కూర్చుంటే చిన్న చిన్న చుక్కలు రాలతాయి.

డాంగిల్‌ను ఫోన్‌కు రెండు మీటర్ల దూరంలో పెట్టాను. 2 వాట్ల నోటి దగ్గర దాన్ని పెడితే మళ్లీ పనికిరాదు, అలా ఒకటి ముందే పోగొట్టుకున్నాను. మంచి ఫోన్‌ని స్టూలు మీద పెట్టి చుక్క ఎంత ఎత్తు లేచిందో రాసుకుని, అదే చోట 9ని పెట్టాను. తేడా 25 డెసిబెల్స్. అంటే మూడొందల రెట్లకు పైగా తక్కువ. 2 వాట్లు పంపానని ఫోన్ అనుకుంటోంది, బయటికొచ్చేది 6 మిల్లీవాట్లు. ఆ గుసగుస టవర్ దాకా పోదు.

పీఏకీ యాంటెన్నాకీ మధ్య పెద్దగా ఏమీ లేదు, యాంటెన్నా స్విచ్ ఐసీయే. విన్నప్పుడు ఒక గుమ్మం, పలికినప్పుడు ఇంకో గుమ్మం తెరుస్తుంది. వినే గుమ్మం బాగుంది కాబట్టే పేర్లు చూపించింది. పలికే గుమ్మం మూసుకుపోయింది. ఆ ఐసీకి వచ్చే కంట్రోల్ లైన్లను డయోడ్ మోడ్‌లో మంచి బోర్డుతో పోల్చి చూశాను, సరిగ్గానే ఉన్నాయి. ఐసీయే పోయింది. 8వ నంబరు చచ్చినా దాని బోర్డు ఇదే మోడల్‌ది. దాని స్విచ్ తీసి దీనికి వేశాను. ఈసారి ప్రీహీటర్ పెట్టి, ఫ్లక్స్ వేసి, ఐసీ తనంతట తాను కదిలేదాకా ఆగాను. చుక్క మంచి ఫోన్ ఎత్తుకు లేచింది.

స్పీకరు ముందు పెట్టి మళ్లీ ఒకసారి పాడించాను, ఊరికే.

జూన్ 29, ఆదివారం

6వ నంబరు. రెండు సిమ్ముల కీప్యాడ్ ఫోన్, మే నెలలో వచ్చింది, ఈ డబ్బాలో అన్నిటికన్నా ఆలస్యంగా చేరింది ఇదే. రెండో గళ్లో ఎవరిదో సిమ్ ఉండిపోయింది, తియ్యలేదు. రెండు బ్యాండుల్లోనూ చెవుడే. యాంటెన్నా దారి అంతా తీగతో దాటేసి ట్రాన్సీవర్ గుమ్మం దగ్గరే అంటించినా లాభం లేదు. రెండు బ్యాండులకీ ఉమ్మడిగా మిగిలినవి ట్రాన్సీవర్, దాని కరెంటు, క్రిస్టల్. కరెంటు ఉంది. ట్రాన్సీవర్ మార్చడానికి చెయ్యి దురద పెట్టింది. పోయిన ఆదివారం లేచొచ్చిన ప్యాడ్లు గుర్తొచ్చి ఆగాను.

26 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ డాంగిల్‌కు అందుతుంది. రాగి తీగతో చిటికెన వేలంత లూపు చేసి డాంగిల్ కేబుల్‌కు కట్టి, షీల్డ్ (పైనుండే రేకు మూత) విప్పి క్రిస్టల్ పక్కన పట్టుకున్నాను. డాంగిల్ వేడెక్కేదాకా ఇరవై నిమిషాలు ఆగాలి, లేకపోతే దాని గడియారమే జారుతుంటుంది. మంచి ఫోన్ మీద పెడితే 26 మెగాహెర్ట్జ్‌కి 60 హెర్ట్జ్ అటూ ఇటుగా గీత నిలబడింది. 6 మీద పెట్టాను. గీత 1,100 హెర్ట్జ్ పక్కన ఉంది.

వెయ్యి హెర్ట్జ్ ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ ఫోన్ వినే 947 మెగాహెర్ట్జ్‌ను తయారుచేసేది ఈ 26నే ముప్పై ఆరు రెట్లకు పైగా సాగదీసి. తప్పు కూడా అంతే సాగుతుంది: దాదాపు 40 కిలోహెర్ట్జ్. టవర్ తన కేంద్రానికి 67.7 కిలోహెర్ట్జ్ పైన ఒక నికార్సైన స్వరం అప్పుడప్పుడు వదులుతుంది, ఫోన్ దాన్ని పట్టుకుని తన శ్రుతి సరిచేసుకుంటుంది. శ్రుతి కొద్దిగా తప్పితే సరిచేసుకోగలదు, ఇంత తప్పితే ఆ స్వరం ఎక్కడుందో కూడా తెలుసుకోలేదు. ఒకసారి కుదిరాక ఫోన్ పదిలక్షల్లో 0.1 వంతు లోపు నిలబడాలి, అంటే 947 దగ్గర 95 హెర్ట్జ్. ఇదెక్కడ, 40 వేలెక్కడ.

చెవిటిది కాదిది, అపశ్రుతి. కింద పడ్డప్పుడు క్రిస్టల్ దెబ్బ తిని ఉంటుంది, డబ్బీ మూల నొక్కుకుపోయి ఉంది. ఇంకో బోర్డు నుంచి అదే రకం వేశాను. గీత 90 హెర్ట్జ్ దగ్గర నిలిచింది. పెట్టిన ఇరవై సెకన్లకు రెండు సిమ్ములకూ గీతలొచ్చాయి.

మా కుర్రాడికి ఇంకోటి కూడా చెప్పాను, అక్కర్లేకపోయినా. పాత ఫోన్ల 13 మెగాహెర్ట్జ్‌ను 72తో గుణిస్తే సరిగ్గా 936, అంటే 5వ చానల్. 73తో గుణిస్తే 949, అది 70వ చానల్. ఫోన్ తన గడియారం చప్పుడును తానే టవర్ గొంతు మీద వేసుకుంటుంది. షీల్డ్ మూతలు తిరిగి పెట్టకుండా ఫోన్ బిగించేవాళ్లకు ఇది తెలియాలి. "మనమే కదన్నా పెట్టనిది" అన్నాడు.

జూలై 2, బుధవారం

10వ నంబరు, స్పీకరు అదిరిపోయేలా పాడినది. డాంగిల్‌లో చుక్క మంచి ఫోన్‌తో సమానంగా ఉంది. సిమ్ మార్చినా అంతే. వింటోంది, మాట్లాడుతోంది, అన్నం అందుతోంది. అయితే అవతలివాడు వద్దంటున్నాడా?

నా ఫోన్ నుంచి 14422కి కేవైఎం అని ఇంగ్లిషులో కొట్టి, ఖాళీ వదిలి, దాని ఐఎంఈఐ పంపాను. బ్లాక్‌లిస్టు అని జవాబొచ్చింది. ఎవరో పోగొట్టుకుని ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఆపించుకున్న ఫోన్ ఇది. టవర్ ఆ నంబరు చూసి గుమ్మంలోనే వెనక్కి పంపుతోంది.

ఇలాంటి వాటికి ఐఎంఈఐ మార్చిపెట్టమని అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. చట్టం సంగతి అలా ఉంచితే, ఎవరిదో వస్తువు అది. దీనికి చీటీ లేదు. సాయంత్రం స్టేషన్‌లో ఇచ్చేసి కాగితం రాయించుకున్నాను.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. ఇంటి నుంచి పేలాల పిండి పొట్లం తెచ్చుకుని కూర్చున్నాను.

11తో ఓడిపోయాను. చల్లగా ఉన్నప్పుడు పలుకుతుంది, వేడెక్కాక మూగబోతుంది. పీఏ, స్విచ్, ట్రాన్సీవర్ మీద స్పిరిట్ తడిపిన దూదితో ఒక్కోదాన్నీ చల్లబరిచి చూశాను. ట్రాన్సీవర్ చల్లబడితే గొంతు తిరిగొస్తోంది. కింద ఏదో బాల్ (ఐసీని బోర్డుకు అతికించే సీసపు చుక్క) విడిపోయిందని నా అనుమానం, రీబాల్ చెయ్యాలి, అంటే ఐసీ లేపి ఆ చుక్కలు కొత్తగా వెయ్యాలి. అందులో నా చెయ్యి ఎంత నమ్మదగిందో ఈ నెలలోనే చూశాను. విజయవాడలో ఆ పనే చేసే ఒకాయనున్నాడు, ఆయనకు పంపుతాను. 1, 2 డబ్బాలోనే ఉన్నాయి.

బాగైనవి 3, 4, 5, 6, 7, 9. చీటీలు తీసి ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. 5 ఆయన నమ్మలేదు, "మళ్లీ టౌనులోనే వస్తదేమో చూడండి" అన్నాడు. బస్సెక్కి వస్తానన్నాడు. 3 వాళ్లు కొత్త ఫోన్ కొనేసుకున్నారట, ఉంచేసుకోమన్నారు.

6 చీటీ మీద పేరు లేదు, పది అంకెలున్నాయి, మా కుర్రాడి చేతిరాత. కొట్టాను. రింగవుతోంది.

బల్ల మీద ఆరో నంబరు ఫోన్ మోగింది.

కుర్రాడు పేలాల పిండి నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. "నంబరు చెప్పమన్నానన్నా, ఆయన చెప్పిందే రాశాను" అన్నాడు.